సప్త సంతానములలో తటాకము, వనము



మన పెద్దలు సంతానము ఏడు విధములని చెప్పిరి. కన్న కుమారుడు వానిలో ఒకడు మాత్రమే. తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, కావ్యము, నిధి అను తక్కిన ఆరింటిని కూడ సంతానముగనే లెక్కించిరి. మనిషి గతించిన పిమ్మట అతని పేరును భూమిపై నిలుపునవి ఇవి యని వారి భావము. దేవాలయమును గూర్చి ఈ వేదికనుండి మేము పలుమారులు ప్రసంగించియున్నాము. కావ్యమును గూర్చి చెప్పుటకు పండితులు కలరు. నిధిని గూర్చి ఎవరును జ్ఞాపకము చేయనక్కరలేదు. దానిని ఎవరును మరువరు. ఈ దినమున తటాకమును, వనమును గూర్చి మాటలాడదలచితిమి. ఈ రెండింటిని విడదీయక కలిపి చెప్పుటకు ఒక కారణము కలదు. అది మా ఆలయపు కోనేటికి సంబంధించినది. దానిని కడపట మనవి చేసెదము.

మొదట నేల స్వభావమును గ్రహింపవలెను. తెలంగాణమునందును, రాయలసీమయందును ఉన్న భూమి గోదావరీ డెల్టావలె సమతలమైన ఒండ్రునేల కాదు. ఎగుడు దిగుడుల మెట్టనేల. పలుచని మట్టిపొర, దాని క్రింద రాయి. కృష్ణా గోదావరులు ఈ దేశముగుండ ప్రవహించుచున్నను అవి పల్లమున, లోతుగా పోవును. మెట్టపైనున్న పల్లెకు ఆ నీరు అందదు. ఏడాదికి కురియు వానలో అధికభాగము కొలది నెలలలో, అందునను కొలది దినములలోనే కురిసి, రాతినేలపై జారి, వాగులుగ మారి, నదిలో పడి సముద్రమునకు పోవును. ఆ కొలది దినముల నీటిని ఆపగలిగిన ఊరు నిలిచినది. ఆపలేని ఊరు పాడుపడినది. కనుక మన దేశ చరిత్రలో రాజు అనిన చెరువు త్రవ్వించినవాడనియే అర్థము వచ్చినది.

కాకతీయులలో మొదటి ప్రోలరాజు 11వ శతాబ్దియందే కేసరి తటాకమును నిర్మించెను. ఆతని వంశీకుడైన గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. ఆయన కాలమున చెరువు కట్టించుట రాజొక్కని పని గాక, సేనానులు, మంత్రులు, రాజకుటుంబపు స్త్రీలు పోటీపడి చేయు పుణ్యకార్యమైనది. బయ్యారము చెరువు శాసనము చెక్కించినది గణపతిదేవుని సోదరియైన మైలాంబ. కాకతీయుల వంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులు ఈ శాసనమునే ముఖ్యముగ ఆశ్రయింతురు. ఒక రాజవంశపు పుట్టుపూర్వోత్తరములు మనకు చెరువుకట్టపై దొరకుట గమనింపదగినది.

పాలంపేటలో రేచర్ల రుద్రుడు నిర్మించిన రుద్రేశ్వరాలయమును మీరందరును ఎరుగుదురు. లోకులు దానిని రామప్ప గుడి యందురు. 1213 నాటి శాసనము అచట కలదు. 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. నాటినుండి యాత్రికుల సంఖ్య పెరిగినది, సంతోషము. వారు గుడిని చూచి, ఇటుక నీటిపై తేలునని విని ఆశ్చర్యపడి, మదనికల చెంత ఛాయాచిత్రములు తీసికొని మరలిపోవుచున్నారు. గుడికి కొంత దూరములోనే, అదే కాలమున, అదే చేతులతో నిర్మింపబడిన రామప్ప చెరువు ఉన్నది. దాని కట్టపైకి పోయి కొండల నడుమ నిలిచిన ఆ నీటిని చూచి నమస్కరించువారు కొందరే. రేచర్ల రుద్రుడు రెండింటిని కట్టించుటలో ఒక క్రమము ఉన్నది. గుడికి దీపము వెలుగవలెనన్న నూనె కావలెను. నైవేద్యమునకు బియ్యము కావలెను. రెండును చెరువు క్రింది పొలమునుండి రావలెను. చెరువు ఎండిన గుడి వెలుగదు.

పాకాల చెరువును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. వరంగల్లునకు తూర్పున, నర్సంపేట దాపున, గణపతిదేవుని అధికారియైన జగదాళ ముమ్మడి దీనిని కట్టించినట్లు అచటి శాసనము చెప్పుచున్నది. చుట్టును అడవితో కప్పబడిన కొండలు. ఆ కొండల నడుమ తెరపివలె నున్న చోట ఒక కట్ట. కట్ట చిన్నది, నీరు విస్తారము. ప్రకృతి మూడువైపుల గోడలు కట్టియుంచగా మానవుడు నాల్గవ వైపు మాత్రము పూర్తిచేసెనని చెప్పవచ్చును. ఆ అడవిలో పడిన వాన మొదట ఆకులపై పడును. ఆకులనుండి జారి, నేలపై మెత్తగ పరచుకొనిన ఎండుటాకులలో ఇంకును. వేళ్ళ వెంబడి భూమిలోనికి దిగి, నెమ్మదిగ ఊటలై, వాగులై చెరువును చేరును. ఒక్క దినమున కురిసిన వాన అనేక దినములు చెరువునకు వచ్చుచుండును. అదే కొండ బోడిదైనచో వాన చినుకు నేలను నేరుగా కొట్టి, మట్టిని లేపి, ఒక్క పూటలో మట్టితో సహా చెరువులో పడును. నీరు అలుగుపై పొర్లిపోవును. మట్టి మాత్రము చెరువులోనే నిలిచిపోవును. అడవిగల చెరువు శతాబ్దములు బ్రతుకుటకును, అడవిలేని చెరువు పూడిపోవుటకును ఇదియే రహస్యము. పాకాల అడవిని 1952లో వన్యప్రాణి సంరక్షణ ప్రాంతముగ ప్రకటించిరి. మృగములను కాపాడుటకు చేసిన ఆ ప్రకటన, ఎవరును ప్రత్యేకముగ తలంపకయే, ఏడువందల ఏండ్ల నాటి చెరువును కూడ కాపాడినది.

కాకతీయుల నాటి మరియొక నేర్పు గొలుసుకట్టు చెరువులు. ఒక వాగు వెంబడి మీదినుండి క్రిందికి వరుసగా చెరువులు కట్టుదురు. మీది చెరువు నిండి అలుగు పారగా, తెలంగాణమువారి మాటలో చెప్పవలెనన్న మత్తడి దుమికినపుడు, ఆ నీరు క్రింది చెరువునకు చేరును. మీది చెరువు ఆయకట్టునుండి ఊరిన నీరును క్రిందికే చేరును. మీది చెరువు మట్టిని పట్టి ఉంచుటచే క్రిందిది త్వరగా పూడదు. పై ఊరివారు తమ అలుగును ఎత్తు చేసికొన్న క్రింది ఊరు ఎండును; పై ఊరి కట్ట తెగిన ఆ వెల్లువకు క్రింది కట్టలన్నియు వరుసగా తెగును. కావున ఒక ఊరి చెరువు ఆ ఊరిది మాత్రమే కాదు. ఈ సంగతిని మన పెద్దలు పుస్తకములలో వ్రాయక, అలుగు ఎత్తును రాతితో నిర్ణయించి, ఆ రాతికి పసుపు కుంకుమలు పెట్టి, దాని జోలికి ఎవరును పోకుండ చేసిరి.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన శాసనమునకు వచ్చుచున్నాము. కడప సీమలోని పోరుమామిళ్ళ గ్రామమున భైరవాలయము ఎదుట రెండు రాతిపలకలు కలవు. శక సంవత్సరము 1291, అనగా క్రీస్తుశకము 1369లో వానిని చెక్కించిరి. విజయనగర చక్రవర్తియైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని ఆయనకు మరియొక పేరు, ఉదయగిరినుండి ఆ సీమను పాలించుచు ఈ చెరువును కట్టించెను. దానికి అనంతరాజసాగరమని పేరిడెను. రెండు సంవత్సరములు, దినమునకు వేయిమంది పనివారు, రాళ్ళు తెచ్చుటకు నూరు బండ్లు. ఈ లెక్కలన్నియు ఆ రాతిపై ఉన్నవి. ఇట్టి లెక్కలు వ్రాసి ఉంచిన శాసనములు అరుదు. అంతకంటె అరుదైనది, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు రాగూడని ఆరు దోషములను ఈ శాసనము శాస్త్రరీతిని చెప్పుట.

ఆ పండ్రెండింటిని మేము చాలకాలము శిల్పిశాస్త్రపు జాబితాగ మాత్రమే చదువుచుంటిమి. ఒకసారి మరల చదివినపుడు ఒక విషయము తోచినది. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తిని కోరువాడును అయిన రాజు కావలెను. జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు కావలెను. పని నేర్చిన కూలీలు కావలెను. ఇవి మనుష్యులకు సంబంధించినవి. గట్టి రాళ్ళతో, మిక్కిలి పొడవు గాక, దృఢముగ కట్టిన కట్ట కావలెను. ఇది మనుష్యుడు చేయునది. తక్కినవి చూడుడు: గట్టి బంకమట్టిగల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీరు తెచ్చు నది, చెరువును ఆనుకొనియున్న కొండ, విశాలమై లోతైన గర్భము, చేరువలో నిడుపైన చక్కని రాళ్ళు దొరకు గని, ఫలవంతమై సమముగనున్న పొలములు, కొండ నిలిచిన తీరునుబట్టి వేగముగ సుడులు తిరుగుచు వచ్చు నీటిదారి. వీనిలో ఏదియు రాజు ధనముతో చేయించగలిగినది కాదు. వెదకి కనుగొనవలసినది. కనుగొనిన పిమ్మట చెడగొట్టక ఉంచవలసినది. చెరువు అంగములలో సగమునకు పైగా చెరువు వెలుపల, కొండపై, వాగులో, పొలములో ఉన్నవి. ఈ నాటి లెక్కలలో చెరువనగా కట్ట, తూము, అలుగు అని వ్రాసికొనుచున్నాము. 1369లో కొండను కూడ చెరువు యొక్క అంగముగ వ్రాసిరి. అంగమునకు గాయమైన శరీరమునకు గాయము కాదా?

దోషములును అట్టివే. కట్టనుండి నీరు ఊరుట మొదటి దోషము. చవిటి నేల రెండవది. చెరువు నడుమ తాబేటి వీపువలె నేల ఉబ్బియుండుట మరియొకటి. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట ఒకటి, నీరు ఎక్కువై భూమి తక్కువగుట ఒకటి. ఈ రెండింటిని కలిపి చదువవలెను. నీరు లేకపోవుట ఎంత దోషమో, మితిమీరిన నీరును అంత దోషమేయని వారి అభిప్రాయము. మిగిలిన దోషము చిత్రమైనది: రెండు రాజ్యముల ఎల్లలో చెరువు ఉండుట. దీనిని చదివినపుడు మాకు నవ్వు వచ్చినది. మరుక్షణమున నవ్వు పోయినది. కృష్ణా జలముల పంపకమునకు 1969లో మొదటి ట్రిబ్యునల్ ఏర్పడినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట అన్నదమ్ముల నడుమ ఆ తగవు క్రొత్త రూపము దాల్చినది. పోరుమామిళ్ళ పండితుడు ఆరువందల ఏండ్ల క్రిందటనే దీనిని దోషముల పట్టికలో వ్రాసి ఉంచెను.

కట్టనుండి నీరు ఊరుటను గూర్చి ఒక మాట. చెట్లు నాటుట పుణ్యమని విని కొందరు భక్తులు ఉత్సాహముతో చెరువుకట్టపైననే రావి, మఱ్ఱి మొక్కలను నాటుచున్నారు. ఇది మేలు కాదు. పెద్ద వృక్షముల వేళ్ళు కట్ట గర్భములోనికి చొచ్చును. ఆ వేరు ఎండి కుళ్ళిన పిమ్మట ఆ రంధ్రమున నీరు దారి చేసికొనును. చెట్టు ఉండవలసిన చోటు కట్ట కాదు. నీరు పుట్టు కొండచరియ, వాగు గట్టు, చెరువు మీది అంచు. పుణ్యమునకును స్థానము కలదు.

ఇంతవరకు వినిన తరువాత, మన పూర్వులు అడవిని తాకనే లేదని, అంతయు పూజించి విడిచిరని మీరు తలంపవచ్చును. ఉపన్యాసకులు అట్లు చెప్పుట వాడుక. మేమును పూర్వము అట్లే చెప్పితిమి. అది నిజము కాదు. ప్రతాపరుద్రుడు రాయలసీమయందు అడవులు నరికించి, ఊళ్ళు నిలిపి, చెరువులు త్రవ్వించెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, దేశము చిన్నదైనను చెరువులు కాలువలు త్రవ్వించి, పేద రైతునకు పన్ను తగ్గించిన ధనమును ధర్మమును పెరుగునని చెప్పెను. ఆ భాగమునందే సరిహద్దు కోటల చెంత అడవిని పెంచవలెననియు, దొంగల భయము తొలగుటకు దేశమధ్యమునందలి అడవిని నరికింపవలెననియు చెప్పెను. రాజునకు అడవి శత్రువు నడ్డగించు గోడ కూడ. కనుక మన పూర్వులు నరికిరి. అయితే ఎచ్చట నరుకవలెను, ఎచ్చట నరుకరాదు అను వివేకము వారికి ఉండెను. పల్లమున పొలము చేసికొని, నీరు పుట్టు కొండను కొండగ ఉంచిరి. ఇది భక్తివలన మాత్రమే కాదు. కొండ బోడిదైన చెరువు పూడునని, చెరువు పూడిన అన్నము లేదని వారు కన్నులార చూచిరి. భక్తి, వివేకము ఒకేచోట ఉండుటయే వారి గొప్పతనమని మా అభిప్రాయము.

ఆ వివేకమును నడిపిన ఏర్పాటును కూడ చెప్పవలెను. చెరువు కట్టించినవానికి గాని, మరమ్మతు చేయించువానికి గాని దాని క్రింది భూమిలోనో పంటలోనో పదవవంతు మాన్యముగ నిచ్చుట వాడుకయై యుండెను. దానిని దశబంధమనిరి. తూము తెరచి మూసి, ఎవరి మడికి ఎంత నీరో పంచుటకు నీరటి ఉండెను. వేసవిలో చెరువు ఎండినపుడు ఊరివారు పూడికమట్టిని బండ్లతో తీసి పొలములకు తోలుకొనిరి. చెరువునకు లోతు వచ్చెను. పొలమునకు ఎరువు వచ్చెను. ఆ మట్టి కొండనుండి కొట్టుకొని వచ్చినదే, అడవి ఆకు కుళ్ళినదే. కట్టపై కట్టమైసమ్మ వెలసినది. అమ్మవారి గుడిముందు చెప్పులు విడుతురు. కట్టను త్రవ్వుటకు భయపడుదురు. తెలంగాణపు ఆడపడుచులు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, తొమ్మిది దినములు ఆడి, కడపటి దినమున చెరువులో వదలుదురు. ఆ పూలు కొనునవి కావు. బీళ్ళలో, గట్లపై పూచునవి. బీడు మిగులక, గట్టు మిగులక, చెరువు మిగులక బతుకమ్మ మిగులదు. ఈ సంగతిని మేము ఒక గ్రామమున చెప్పినపుడు ఒక వృద్ధురాలు లేచి, "మా ఊరిలో ఇప్పుడు పూలు సంతలో కొంటున్నాము స్వామీ, నీళ్ళ తొట్టిలో వేస్తున్నాము" అనినది. సభలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

పక్షులను మరువరాదు. సూళ్ళూరుపేట సమీపమునగల నేలపట్టు చెరువునకు ఏటేట గూడబాతులు వచ్చి, నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పొదుగును. 1976లో దానిని సంరక్షణ కేంద్రము చేసిరి. అంతకు పూర్వమే ఆ ప్రాంతపు రైతులు ఆ పక్షులను కొట్టనీయలేదు. పక్షుల రెట్ట కలసిన నీరు పొలమునకు ఎరువగునని వారి అనుభవము. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమున పక్షులు ఊరిలోని చింతచెట్లపైననే గూళ్ళు కట్టును; అవి వచ్చిన ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. చేప, కప్ప, నత్త, తామర, తుంగ, కొంగ, గేదె, మనిషి అందరును ఒకే చెరువునకు భాగస్థులు. ఇందులో ఒకరి వంతును తీసివేసిన మిగిలినవారి లెక్క తప్పును.

అనంతపురమువారి ముసలమ్మ కథ మీరెరిగినదే. బుక్కరాయసముద్రపు కట్ట తెగబోగా, బసిరెడ్డి చిన్న కోడలైన ముసలమ్మ ఊరిని కాపాడుటకు తన ప్రాణమును అర్పించినదని ఆ సీమలో చెప్పుకొందురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథను తీసికొని ముసలమ్మ మరణము అను కావ్యమును రచించిరి. ఆ తల్లికి నమస్కరించి ఒక మాట అడుగుచున్నాము: కట్ట ఎందుకు తెగినదని కథలో ఎవరైనను విచారించిరా? గంగమ్మ కోపించినదనిరి. గంగమ్మ కోపమునకు కారణములు కనులకు కనబడునవియే. పూడిక పెరిగి గర్భము తగ్గును. అలుగు దారి మూతపడును. కట్టలో ఎలుకలు, పీతలు బొరియలు చేయును. వాన మాత్రము ఎప్పటివలెనే కురియును. ఊరంతయు ఏండ్ల తరబడి చేసిన నిర్లక్ష్యమునకు ఒక కోడలు మూల్యము చెల్లించినది. మేము ఆ కథను ఇప్పుడు అట్లు చదువుచున్నాము.

ఆంగ్లేయుల కాలమున మాన్యములకు లెక్కలు మారినవి, పనులు దూరముననున్న కచేరీలకు పోయినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఎవరి పొలములో వారు బోరు వేసికొనిరి. బోరు ఉన్నవానికి చెరువుతో పని లేకపోయినది. అయితే బోరులోని నీరు ఎక్కడిది? చెరువునుండి ఇంకినదే. చెరువు ఎండిన కొలదికాలమునకు బోరును ఎండినది. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేరిట 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించిరి. పూడికమట్టి మరల పొలములకు చేరినది. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశమున నీరు-చెట్టు అను పథకము వచ్చినది. పేరు మాత్రము సప్త సంతానములనుండి తీసినట్లున్నది. పూడిక తీయుట మంచి పని. కొండపై చెట్టు లేనిచో ఆ పూడిక మరల వచ్చును, మరల తీయవలెను.

పట్టణములను గూర్చి క్లుప్తముగ చెప్పెదము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రజలు మరణించిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు పైభాగమున ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములను కట్టిరి. వరదను ఆపుటకు కట్టినవే నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి. మరియొక ప్రక్క కొల్లేటిని చూడుడు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సు, బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరుల వరదను కడుపున దాచుకొని, ఉప్పుటేరు గుండ మెల్లగ సముద్రమునకు విడుచును. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి కొలువున్నది. ఆ సరస్సును చేపల చెరువులుగ గట్లు కట్టి పంచుకొనిరి. 1999లో అభయారణ్యముగ ప్రకటించిరి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ గుర్తింపు వచ్చినది, 2006లో ప్రభుత్వము అనేక గట్లను పగులగొట్టించినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని వీధులు మునిగినవి. ఏటికి దారిని ఇరుకు చేసిన, అది మన ఇంటిగుండ దారి చేసికొనును.

ఇప్పుడు మా కోనేటి సంగతి.

మా ఆలయము కొండ అడుగున ఉన్నది. కోనేటికి ఊట లేదు. కొండచరియపై పడిన వాన ఒక రాతికాలువ గుండ వచ్చి నిండుచుండెను. మేము బాలురుగ నున్నపుడు తెప్పోత్సవమునకు కోనేరు మూడవ మెట్టు వరకు నీటితో ఉండుట చూచితిమి. భక్తుల సంఖ్య పెరిగినది. వారికి వసతి కావలెనని దాతల ధర్మమున సత్రము కట్టించితిమి. వాహనములు నిలుపుటకు కొండ మొదటను చెట్లు కొట్టించి నేల చదును చేయించితిమి. ఆ తీర్మానములపై మా సంతకము కూడ కలదు. నాలుగైదు ఏండ్లలో కోనేరు ఎండినది. వానలు తగ్గినవని అనుకొంటిమి. కోనేటి ప్రక్కన బోరు వేయించితిమి. రెండు వేసవులకు అదియు ఎండినది. పిమ్మట తెప్పోత్సవమునకు ట్యాంకర్లతో నీరు తెప్పించి పోయించుచుంటిమి. స్వామివారి తెప్ప మోకాలిలోతు నీటిలో, అడుగున రాళ్ళు తగులుచు తిరుగుటను చూచి భక్తులు చేతులు జోడించుచుండిరి. మేము తల వంచుకొనుచుంటిమి.

ఆలయమున పూర్వము మేళము వాయించిన కుటుంబమునకు చెందిన ఒక వృద్ధుడు కలడు. మూడేండ్ల క్రిందట తెప్పోత్సవపు రాత్రి ఆయన మా వద్దకు వచ్చి, "స్వామీ, చిన్నప్పుడు ఉగాది వెళ్ళినాక మేము పిల్లలమంతా ఆ కాలువలో ఆకు, ఇసుక ఎత్తిపోసేవాళ్ళం. ఒక్కొక్క తట్టకు గుడిలో పులిహోర పెట్టేవారు. ఆ కాలువ ఏమైంది?" అని అడిగెను. మాకు జవాబు తెలియలేదు. మరునాడు ఆయనను వెంటబెట్టుకొని వెదకితిమి. పైన కొంతదూరము కాలువ కనబడినది. పిమ్మట సత్రపు గోడ వచ్చినది. వంటశాల నేలను ఒక మూల పగులగొట్టించగా, రెండడుగుల లోతున, చెక్కుచెదరని రాతికాలువ బయటపడినది. కాలువ కోనేటిలో పడుటకు ముందు ఇసుక నిలుచుటకు కట్టిన రాతిగుంట కూడ ఉన్నది. దానిలో సత్రపు మురుగునీటి గొట్టము వేసియున్నారు.

వాన తగ్గలేదు. దారిని మేమే మూసితిమి. అది తెలిసిన దినమున మాకు పోరుమామిళ్ళ శాసనములోని కొండ జ్ఞాపకము వచ్చినది.

మురుగు గొట్టమును మొదటి నెలలోనే మార్పించితిమి. కొండమొదట వాహనముల స్థలమును సగము తగ్గించి, కానుగ, వేప, నేరేడు, నారేపి మొక్కలు నాటించితిమి. మొదటి సంవత్సరము మేకలు చాలవరకు తినివేసినవి. రెండవ సంవత్సరము ముళ్ళకంప వేయించి, ఆ మేకల కాపరినే కాపలాకు నియమించితిమి. ఇప్పుడు మొక్కలు నిలిచినవి. వినాయకచవితికి ప్లాస్టర్ బొమ్మలను కోనేటిలో వేయుట మాన్పించితిమి. దీనికి కొందరు యువకులు మాపై ఇంకను అలిగియున్నారు. గత కార్తీకమున కురిసిన వానకు, కాలువను తాత్కాలికముగ వంటశాల ప్రక్కనుండి మళ్ళించుటచే, కోనేటి అడుగున రెండు మెట్లు మునుగునంత నీరు వచ్చినది. ఎక్కడినుండి వచ్చినవో గాని మూడవనాటికి కప్పలు అరచినవి. అర్చకస్వామి ఆ రాత్రి మమ్ము పిలిచి వినిపించిరి.

కాలువ సహజమైన దారిన పోవలెనన్న వంటశాలను పడగొట్టవలెను. సమితిలో దీనిపై రెండు అభిప్రాయములు కలవు. భక్తుల అన్నదానము ఆగరాదని కొందరందురు. వారి మాటను త్రోసివేయుటకు వీలులేదు. వంటశాలను సత్రమునకు వెనుక ప్రక్కన కట్టవచ్చునని, అందుకగు వ్యయమును చందాలవలన కూర్చవచ్చునని తక్కినవారి మతము, మాదియును అదియే. వైశాఖమున జరుగు సమావేశమున దీనిని నిర్ణయింతుము. భక్తులెవరైనను వచ్చి తమ మాట చెప్పవచ్చును. పడగొట్టవలసిన గోడపై దాతల పేర్లు చెక్కిన పాలరాతిపలక ఉన్నది. వారిలో కొందరు నేడు లేరు. వారి కుమారులు ఉన్నారు. మేము ఒక్కొక్కరి ఇంటికి పోయి సంగతి చెప్పుచున్నాము. ఇప్పటివరకు చూచిన వారిలో ఒక్కరు మాత్రము కాదనిరి. ఆయన వద్దకు మరల పోవలెను.